ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు: విలేకరి ప్రశ్న నుంచి సైన్సు పాఠం

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్కరోజు వానకు అప్పటిదాకా రికార్డుగా చెప్పుకున్నది 2013 జూలై 19న వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. ఆ తెల్లవారుజామునే పొరుగున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి సాయం కోసం ఎదురుచూశారు. ఆ వారమంతా 649.8 అనే అంకె పత్రికల్లో, టీవీల్లో, ఫోన్లలో తిరిగింది. అయితే ఆ అంకెకు అర్థమేమిటి, దాన్ని ఏ పరికరం కొలిచింది, వాన లెక్కలో రోజు ఉదయం ఎనిమిదిన్నరకే ఎందుకు మారుతుంది అన్న ప్రశ్నలు ఎన్ని తరగతి గదుల్లో వినిపించి ఉంటాయన్నది ఆలోచించవలసిన విషయం. పత్రికా విలేకరి అడిగే ఇలాంటి ప్రశ్నల నుంచే సైన్సు, సాంకేతిక పాఠాలు తయారు కావాలన్నది ఇక్కడి వాదన.

ఆ మూడు ప్రశ్నల్లో ఒక పాఠ్య యూనిట్‌కు సరిపడే సైన్సు ఉంది. మిల్లీమీటరు పొడవుకు కొలత, వాన నీరు. నీటిని పొడవుతో ఎలా కొలుస్తారన్న అనుమానమే మొదటి మెట్టు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, ఆ ఒక్కరోజు లక్ష్మీదేవిపేటలో ఎకరం పొలం మీద పడిన నీరు 26 లక్షల 30 వేల లీటర్ల దాకా ఉంటుంది; అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే ఎకరానికి 526 ట్యాంకర్లు. ఈ లెక్క చేసిన పిల్లవాడికి వాగు ఎందుకు ఊరి మీద పడిందో ఎవరూ వివరించనక్కర లేదు. ఇక ఎనిమిదిన్నర సంగతి: ప్రపంచమంతటా వాతావరణ పరిశీలనలు ఒకే గడియారం ప్రకారం మూడేసి గంటలకొకసారి జరుగుతాయి. అంతర్జాతీయ ప్రామాణిక సమయం మూడు గంటలైనప్పుడు అయిదున్నర గంటలు ముందుండే మన దేశంలో ఎనిమిదిన్నర అవుతుంది. వెంకటాపూర్ మండలంలో పడిన వాన ప్రపంచ పటంలో చేరాలంటే ఆ సమయానికే లెక్క ముగియాలి. భూభ్రమణం, రేఖాంశాలు, కాలమండలాలు అన్నీ వాన గురించి అడిగిన ఒక చిన్న ప్రశ్నలోకి వచ్చి చేరాయి.

పరికరం సంగతి ఇంకా ఆసక్తికరం. స్వయంచాలక వాతావరణ కేంద్రాల్లో వానను కొలవడానికి సాధారణంగా వాడేది చిన్న ఊయల బల్ల వంటి అమరిక. దానికి రెండు వైపులా రెండు చిన్న దొప్పలుంటాయి. గరాటు నుంచి నీరు పడి ఒక దొప్ప నిండగానే అది ఒరిగి నీటిని పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందో యంత్రం లెక్కపెట్టుకుంటుంది. దశాంశ బిందువు తర్వాతి అంకె ఆ దొప్ప పరిమాణాన్ని బట్టి వచ్చిందే. వాన మరీ జోరుగా ఉన్నప్పుడు దొప్ప ఒరిగే ఆ క్షణంలో కూడా నీరు పడుతూనే ఉంటుంది కనుక ఇలాంటి పరికరం కొంత తక్కువగా లెక్కించే అవకాశం ఉంది. అంటే అతి భారీ వాన రోజునే కొలతలో పొరపాటుకు ఎక్కువ చోటు. రికార్డు అంకెను తప్పుపట్టడానికి కాదు, కొలత అంటే ఏమిటో తెలియడానికి ఈ విషయం పిల్లలకు చెప్పాలి.

పత్రికా విలేకరి కుతూహలాన్ని సైన్సు, సాంకేతిక పాఠాల రూపకల్పనలోకి తేవాలన్న ఆలోచనకు బలం ఇక్కడే ఉంది. కుతూహలం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ‘ఎందుకు’ అనే ప్రశ్న. అది పిల్లలకు ఎవరూ నేర్పనక్కర లేదు. విలేకరి వృత్తి నుంచి బడి అరువు తెచ్చుకోవలసింది మరో ప్రశ్న: ‘ఈ సంగతి నీకెలా తెలుసు?’ మండల విలేకరి పంపిన వార్తలో ఒక అంకె ఉంటే, డెస్క్‌లోని సబ్ ఎడిటర్ ఆ అంకె ఎవరిచ్చారని, ఇంకెవరినైనా అడిగావా అని, అవతలి పక్షం వివరణ తీసుకున్నావా అని అడుగుతాడు. మంచి డెస్క్ ఆ జవాబులు లేని వార్తను వెనక్కి పంపుతుంది. సైన్సు పాఠానికి అటువంటి డెస్క్ లేదు.

మన పాఠ్యపుస్తకాల భాష దీన్ని పట్టి ఇస్తుంది. ‘కనుగొనబడింది’, ‘నిరూపించబడింది’, ‘అని పిలువబడుతుంది’ అనే వాక్యాల్లో కర్త కనిపించడు. కనుగొన్నదెవరు, ఏం చూసి కనుగొన్నారు, మొదట ఎవరు కాదన్నారు అన్నవి ఆ ‘బడు’ ధాతువు వెనక దాగిపోతాయి. పత్రికాభాషలో ‘డబ్బు తీసుకోబడింది’ అని రాస్తే ఎవరు తీసుకున్నారని పాఠకుడు నిలదీస్తాడు. సైన్సు పుస్తకంలో అదే తరహా వాక్యం కంఠస్థం చేయడానికి పనికొస్తుంది. దీని ఫలితం ఒక చిన్న ప్రయోగంలోనే తెలిసిపోతుంది. వరంగల్లు సముద్రమట్టానికి ఇంచుమించు 300 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పీడనం తగ్గుతుంది, సుమారు ప్రతి 300 మీటర్లకు నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ దిగుతుంది. కాబట్టి హనుమకొండలోని ఏ బడి ప్రయోగశాలలోనైనా సరైన థర్మామీటరు 99 డిగ్రీల దగ్గర ఆగాలి. కళ్లెదుట 99 కనిపించినా రికార్డు పుస్తకంలో 100 అని రాసే అలవాటును మించి సైన్సు చదువుకు జరిగే నష్టం లేదు. అక్కడ విద్యార్థి తన కంటిని కాదని పుస్తకాన్ని నమ్మాడు, ఆ పని చేసినందుకు మార్కులూ పొందాడు. ఆ ఒక డిగ్రీ ఎక్కడికి పోయిందని అడిగే పాఠంలో పీడనం, ఎత్తు, థర్మామీటరులోని దోషం, నీటిలో కరిగిన లవణాలు వరుసగా విచారణకు వస్తాయి.

ఇటువంటి పాఠానికి ఉత్తర తెలంగాణలో అన్నిటికంటే సారవంతమైన చోటు వడ్ల కొనుగోలు కేంద్రం. వానాకాలం పంటకు, యాసంగి పంటకు కోతలు మొదలవగానే ఊరి రోడ్ల మీద, కల్లాల్లో వడ్ల రాశులు ఆరుతుంటాయి. తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. యంత్రం 19 చూపితే మళ్లీ ఆరబోయాలి. ఈలోగా ఒక్క వాన కొట్టిందా, పని మొదటికొస్తుంది. సెలవు రోజుల్లో వడ్లకు కాపలా ఉండేది, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేసేది, మబ్బు పట్టగానే టార్పాలిన్ కప్పడానికి పరుగెత్తేది చాలా ఇళ్లలో బడి పిల్లలే. శాతం, బాష్పీభవనం, విద్యుత్ నిరోధం అనే మాటలు పుస్తకంలో చదివే ఈ పిల్లలు, అవి మూడూ తమ ఇంటి పంట ధరను తేలుస్తున్న చోటే నిలబడి ఉన్నారు. ఆ రెంటికీ మధ్య దారి వేసే పని పాఠానిది.

విలేకరి అక్కడికి వెళితే మొదట యంత్రాన్ని చూస్తాడు. పిడికెడు గింజలు పోయగానే అంకె ఎలా వస్తుంది? తేమ యంత్రం నీటిని నేరుగా కొలవదు. కొన్ని యంత్రాలు గింజలను నలిపి వాటి గుండా కరెంటు ఎంత తేలికగా పోతుందో చూస్తాయి. మరికొన్నిటిలో గింజలు రెండు లోహపు పలకల మధ్య ఉంటాయి. ఆ అమరిక ఎంత విద్యుదావేశాన్ని నిల్వ చేయగలదన్నది మధ్యనున్న పదార్థాన్ని బట్టి మారుతుంది. ఈ గుణంలో ఏ పదార్థమూ లేని శూన్య ప్రదేశంతో పోలిస్తే నీటి విలువ 80 దాకా ఉండగా, ఎండిన గింజది ఐదు లోపే ఉంటుంది. అందువల్ల గింజలో కొద్దిపాటి నీరు పెరిగినా యంత్రానికి తెలిసిపోతుంది. యంత్రం కొలిచేది విద్యుత్ గుణాన్ని. దాన్ని తేమ శాతంగా మార్చే పట్టిక ముందే దానిలో ఉంటుంది. ఆ పట్టిక ఒక్కో ధాన్యానికి ఒక్కో రకంగా ఉండాలి, గింజ వేడిని బట్టి సవరించుకోవాలి. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీది నుంచి తీసిన గింజలు, తెల్లవారుజామున రాశి అడుగు నుంచి తీసినవి ఒకే అంకె చూపవు. కేంద్రంలో ఒక తేమ శాతం, మిల్లు దగ్గర మరో తేమ శాతం వచ్చిందన్న మాట రైతుల నోట తరచూ వినిపించేదే. ఎవరో మోసం చేశారన్న నిర్ధారణకు వచ్చే ముందు, ఒకే రాశిలో పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి మూడేసి నమూనాలు తీసి తేడా ఎంత ఉందో చూడాలి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పని ఇది. నమూనా సేకరణ అనే శాస్త్రీయ భావనకు ఇంతకంటే మంచి ప్రవేశం దొరకదు.

తర్వాతి ప్రశ్న యంత్రాన్ని ఎవరు సరిచూస్తారన్నది. దీనికి ఆధారం ప్రయోగశాలలోని ఓవెన్. తూచిన గింజలను నీరు మరిగే వేడికి కాస్త ఎక్కువలో, ఇక బరువు తగ్గదన్నంత వరకు ఎండబెట్టి మళ్లీ తూస్తే పోయిన బరువే నీరు. బడిలో ఓవెన్ లేకపోయినా నష్టం లేదు. ఒక కిలో వడ్లను రోజూ ఒకే వేళకు తూస్తూ వారం రోజులు ఎండలో ఆరబెడితే, మొదటి రెండు రోజులు బరువు త్వరగా తగ్గి ఆ తర్వాత ఒకచోట నిలబడిపోతుంది. గింజలో నీరు ఇంకా ఉన్నా ఎండ అంతకు మించి తీయలేదు. చుట్టూ ఉన్న గాలి తేమతో గింజ తేమ సమతూకానికి వచ్చింది. మంచు కురిసిన రాత్రి తర్వాత మళ్లీ తూస్తే బరువు పెరిగి కనిపించవచ్చు. రాత్రిపూట రాశి మీద పట్టా ఎందుకు కప్పుతారో ఆ తూకమే చెబుతుంది.

లెక్కల పాఠం ఇక్కడే మరో మలుపు తిరుగుతుంది. 20 శాతం తేమ ఉన్న 40 కిలోల బస్తాను 17 శాతానికి ఆరబెడితే ఎంత బరువు పోతుందని అడిగితే, మూడు శాతం గనుక 1.2 కిలోలని ఎవరైనా చెబుతారు. అది తప్పు. మొదటి బస్తాలో నీరు 8 కిలోలు, గింజ పదార్థం 32 కిలోలు. ఆరిన తర్వాత కూడా ఆ 32 కిలోలు అలాగే ఉండి, మొత్తంలో 83 శాతం కావాలి. 32ను 0.83తో భాగిస్తే 38.55 కిలోలు వస్తుంది, పోయినది 1.45 కిలోలు. బస్తాకు పావు కిలో తేడా. ఒక రైతు వంద బస్తాలు తెస్తే ఆ తేడా 25 కిలోలవుతుంది. తరుగు పేరిట ఎంత తీయడం న్యాయమన్న వాదన రైతుకూ, కేంద్రం నిర్వాహకులకూ, మిల్లరుకూ మధ్య ప్రతి సీజన్‌లోనూ నడిచేదే. శాతానికి ఆధారమైన మొత్తమే మారిపోతున్నప్పుడు తీసివేత చెల్లదన్న సత్యం ఆ వాదనలోకి వచ్చిన రోజు గణితం ఎవరికీ పరాయిది కాదు.

విలేకరి అంతటితో ఆగడు. 17 అనే గీత ఎందుకు గీశారని అడుగుతాడు. తేమ ఎక్కువైతే గోదాములో గింజ శ్వాసిస్తూ వేడెక్కుతుంది, బూజు పడుతుంది, రంగు మారుతుంది. పైగా ఆ మేరకు నీటిని గింజ ధరకు కొన్నట్టవుతుంది. మరీ ఎక్కువ ఎండితే మిల్లులో గింజ విరిగి నూకలు పెరుగుతాయి. యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యంగానే ఎందుకు మార్చేవారన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ దారిలోనే ఉంది: ఏప్రిల్, మే ఎండలకు గింజలో సన్నని పగుళ్లు వస్తాయి, పచ్చిబియ్యంగా ఆడిస్తే విరుగుతాయి, నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి పదార్థం ఉబ్బి ఆ పగుళ్లు అతుక్కుంటాయి. కోత యంత్రం వచ్చాక తేమ సమస్య ఎందుకు పెరిగిందన్నది ఇంకో ప్రశ్న. కోసిన వరిని పొలంలోనే ఆరబెట్టి, కుప్ప వేసి, ఆ తర్వాత నూర్చిన రోజుల్లో గింజ కల్లానికి వచ్చేలోపే చాలావరకు ఆరిపోయేది. హార్వెస్టర్ కోత, నూర్పిడి ఒకేసారి ముగిస్తుంది, పచ్చి గింజ నేరుగా రోడ్డెక్కుతుంది. సాంకేతికత ఒక పనిని తేలిక చేసినప్పుడు దాని భారం ఇంకెక్కడ పడిందో వెతకడం సాంకేతిక పాఠాలన్నిటిలోనూ ఉండవలసిన విచారణ.

ఈ పాఠంలో అందరినీ అడగాలి. ‘వివరణ కోరగా’ అనే పత్రికా పదబంధం పాతబడినా, దాని వెనకనున్న నియమం విలువైనది. రైతును అడిగి మిల్లరును అడగకపోతే కథ సగమే. హమాలీని అసలే మరచిపోకూడదు. వేల బస్తాలు మోసిన మనిషికి బస్తా బరువును బట్టే తేమ తెలుస్తుంది. గింజను పంటి కింద కొరికి, కటుక్కుమంటే ఆరిందని చెప్పే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి మాటను మూఢనమ్మకమని తీసివేయడం తప్పు, పరీక్షించకుండా నెత్తిన పెట్టుకోవడమూ తప్పే. యంత్రం అంకె వారికి చూపకుండా ఇరవై నమూనాలు ఇచ్చి, వారి తీర్పునూ యంత్రం కొలతనూ పక్కపక్కన రాస్తే, అనుభవజ్ఞానం ఎంతవరకు పనిచేస్తుందో పిల్లల చేతికే తేలుతుంది.

సాంకేతిక పాఠాలకు మరో రకం ముడిసరుకు పత్రికా ప్రకటన. 2022 జూలైలో రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టింది. అది 500 ఎకరాల మేర విస్తరించిందని, ఏడాదికి దాదాపు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆపుతుందని ప్రకటనలో ఉంది. రెండు అంకెలూ చదివి మెచ్చుకుంటే అది సాధారణ జ్ఞానం. రెంటినీ ఒకదానితో ఒకటి భాగిస్తే సైన్సు పాఠం. 500 ఎకరాలంటే సుమారు 20.2 లక్షల చదరపు మీటర్లు. 32.5 లక్షలను 20.2 లక్షలతో భాగిస్తే 1.6 మీటర్లు వస్తుంది. అంటే ఏడాదిలో మనిషి ఎత్తుకు కాస్త తక్కువ లోతు నీరు ఆవిరి కాకుండా ఆగుతుందన్న మాట. మన ఎండలకు తెరిచి ఉంచిన చెరువు నుంచి ఏడాదికి ఎంత నీరు ఆవిరవుతుంది? పలకల మధ్య ఖాళీలున్నాయా? గాలి ఆడుతుందా? ఒకే కొలత గల రెండు తొట్లలో నీరు పోసి, ఒకదాని మీద సగం వరకు, కాస్త ఎత్తున రేకు అమర్చి, రోజూ స్కేలుతో నీటిమట్టం రాసుకుంటూ పోతే, ఆ ప్రకటన అంకె నమ్మదగిందో కాదో పిల్లలు తామే ఒక అంచనాకు వస్తారు. అంచనా ప్రకటనతో కలిసినా, కలవకపోయినా వారు నేర్చుకున్నది తక్కువ కాదు.

అదే ప్రకటనలోని 100 మెగావాట్లు ఇంకో విచారణకు దారి తీస్తుంది. మెగావాట్లు సామర్థ్యాన్ని చెబుతాయి. మీటరు తిరిగేది యూనిట్లలో; ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక యూనిట్. పూర్తి సామర్థ్యంతో 24 గంటలూ నడిస్తే 100 మెగావాట్ల కేంద్రం రోజుకు 24 లక్షల యూనిట్లు ఇవ్వాలి. రాత్రి సూర్యుడు లేడు, ఉదయం సాయంత్రం ఎండ పలచన, మబ్బు రోజులు సరేసరి. అందుకని సౌర కేంద్రం ఇచ్చేది ఇందులో ఇంచుమించు అయిదో వంతు. పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. రెంటినీ మెగావాట్లలో పోల్చి రాసిన వార్తకూ, యూనిట్లలో పోల్చి రాసిన వార్తకూ అర్థం ఎంత మారుతుందో గోదావరిఖనిలోని సింగరేణి బొగ్గుగని కార్మికుడి బిడ్డకు చెప్పవలసిన అవసరం ఇతరుల కంటే ఎక్కువ. ఆ లెక్క మీద ఆ కుటుంబం రేపటి బతుకు ఆధారపడి ఉంది.

పత్రికల అలవాట్లన్నీ మంచివేనని అనుకోకూడదు. రామప్ప ఇటుకలు నీళ్లపై తేలతాయన్న వాక్యం ఏళ్ల తరబడి ఒక వ్యాసం నుంచి మరో వ్యాసానికి పాకుతూ వచ్చింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీ ఎక్కువైంది. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో కట్టించిన ఆ గుడి శిఖరానికి తేలికైన ఇటుకలు వాడారన్నది నిజమే. కానీ ‘తేలుతుంది’ అన్న అద్భుతం దగ్గరే ఆగిపోయిన రచనలో విలేకరి కుతూహలం లేదు, కుతూహలపు నీడ మాత్రమే ఉంది. నిజమైన ప్రశ్నలు దాని తర్వాతివి. సాంద్రత నీటి కంటే తక్కువైతేనే వస్తువు తేలుతుంది. మట్టిని కాల్చి అంత సాంద్రతకు ఎలా తెచ్చారు? కాలిపోయే పదార్థం ఏదైనా మట్టిలో కలిపితే, కాల్పులో అది పోయి ఖాళీలు మిగులుతాయి. ఊకను వేర్వేరు పాళ్లలో కలిపి చిన్న ఇటుకలు చేసి, ఊరి కుమ్మరి ఆవంలో కాల్పించి, వాటి బరువునూ ఘనపరిమాణాన్నీ కొలిచి చూస్తే ఏ నిష్పత్తి దగ్గర సాంద్రత నీటి సాంద్రత కంటే దిగిందో, అప్పుడు ఇటుక బలం ఏమైందో తెలుస్తుంది. తేలిన ఇటుక ఎంతసేపు తేలుతుందన్నది కూడా చూడాలి. ఖాళీలు బయటికి తెరుచుకుని ఉంటే నీరు లోపలికి చేరి కాసేపటికి మునుగుతుంది. శిఖరం బరువు తగ్గించాలన్న అవసరం శిల్పికి ఎందుకు వచ్చిందో అప్పుడు అడగాలి. అసలు ఇటుకను ఎవరూ ముట్టుకోవలసిన పని లేదు.

వార్తల్లోని అంకె ఎప్పుడూ కొలతే అయి ఉండదని కూడా పిల్లలకు తెలియాలి. 2024 ఆగస్టు 31న ఏటూరునాగారం అభయారణ్యంలో తాడ్వాయి, మేడారం మధ్య పెనుగాలికి సుమారు 50 వేల చెట్లు కూలాయని వార్తలు వచ్చాయి. అన్ని చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ మాట అనడం కొద్ది రోజుల్లో అయ్యే పని కాదు. నమూనా చతురస్రాల్లో లెక్కించి మొత్తం విస్తీర్ణానికి హెచ్చించే పద్ధతి జీవశాస్త్రంలో ఉంది. బడి వెనక తుమ్మచెట్లతో దాన్ని ఒక్క పూటలో నేర్పవచ్చు.

ఈ దారికి అడ్డంకులు తక్కువేమీ కాదు. నలభై నిమిషాల పీరియడ్, పూర్తి చేయవలసిన సిలబస్, పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఉపాధ్యాయుల చేతులు కట్టేస్తున్నాయి. అయినా అన్నిటికంటే లోతైన అడ్డంకి వేరే ఉంది. మన సైన్సు పుస్తకాల్లోని విద్యాప్రమాణాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం’ అన్నది రెండోదిగా ఉంది. కాగితం మీద ఇది గొప్ప నిర్ణయం. పరీక్షలోకి వచ్చేసరికి అది ‘మీరు ఒక నేత్ర వైద్యుని కలిస్తే ఏయే ప్రశ్నలు అడుగుతారు?’ అన్న రూపం దాల్చింది. గైడ్లు ఆ ప్రశ్నలను కూడా ముందే అచ్చువేసి ఇచ్చాయి. జవాబులను బట్టీ పట్టే చదువులో ప్రశ్నలను కూడా బట్టీ పట్టించగలిగాం. జవాబు రాకముందే ముగిసిపోయే ప్రశ్న ప్రశ్న కాదు. విలేకరి ప్రశ్న అడిగి వెళ్లిపోడు. జవాబు విని, అందులోంచి రెండో ప్రశ్న తీస్తాడు. మార్కులివ్వాలంటే ఆ రెండో ప్రశ్నకే ఇవ్వాలి, ఎందుకంటే దాన్ని ఏ గైడూ ముందుగా అచ్చువేయలేదు.

దేశంలో ఈ ప్రయత్నం కొత్తదీ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం, పుస్తకం చెప్పింది వల్లించడానికి బదులు పిల్లల ప్రయోగాలను పాఠానికి కేంద్రం చేసింది. పిల్లల ప్రశ్నలకు జవాబివ్వడానికి సవాలీరామ్ అనే కల్పిత పాత్రను సృష్టించి, ఆ పేరిట ఉత్తరాలు రాసేవారు. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ఆపేశారు. అది నిలిచినన్నాళ్లూ చూపిన విషయం ఒకటుంది: ఉపాధ్యాయుడికి జవాబు తెలియకపోవడం తరగతిలో అవమానం కానవసరం లేదు.

ఆ సౌలభ్యం విలేకరికి వృత్తిలోనే ఉంది. మెగావాట్ల గురించి రాసే విలేకరి ఇంజనీరు కాడు. తనకు తెలియదన్న చోటి నుంచే మొదలుపెడతాడు, తెలిసినవారి దగ్గరికి వెళతాడు. అదే పద్ధతిలో పాఠం తయారుచేసే ఉపాధ్యాయురాలు యూనిట్ మొదలయ్యే ముందు ఒకసారి కొనుగోలు కేంద్రానికో, సబ్‌స్టేషన్‌కో, కుమ్మరి ఆవం దగ్గరికో నోటుపుస్తకంతో వెళ్లి రావాలి. బడి చుట్టూ మూడు కిలోమీటర్లే ఆమె బీట్, అంటే విలేకరి వార్తల కోసం తిరిగే పరిధి లాంటిది. అక్కడ దొరికిన వాటిలో ఏ ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పవచ్చో, ఏది పాఠ్యాంశంలోని భావనకు చేరుతుందో ఏరుకోవడం ఆమె డెస్క్ పని. ఏరకపోతే పాఠం విహారయాత్రగా మిగిలిపోతుంది. అన్ని పాఠాలకూ ఇది అవసరమూ లేదు. రసాయన సమీకరణాలను తుల్యం చేయడం అభ్యాసంతో వస్తుంది, దానికి క్షేత్ర పర్యటన పెట్టడం కాలయాపన. ఏడాదికి మూడు, నాలుగు యూనిట్లు ఇలా నడిస్తే చాలు.

ఒక విషయంలో మాత్రం బడి విలేకరి కంటే మెరుగైన స్థితిలో ఉంది. పత్రికకు గడువు ఉంది. వరద తగ్గగానే కెమెరాలు మోరంచపల్లి నుంచి వెళ్లిపోతాయి, ఫాలోఅప్ వార్తలు రాను రాను లోపలి పేజీలకు చేరి ఆగిపోతాయి. బడి అక్కడే ఉంటుంది. పైభాగం కోసిన సీసా, గరాటు, స్కేలు ఉంటే వానమాపకం తయారవుతుంది. వర్షాకాలమంతా ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే బడి గంట కొట్టకముందే, దగ్గర్లో ఇల్లున్న పిల్లలు వంతులవారీగా కొలత రాసి, దాని పక్కనే మండల కేంద్రంలో నమోదైన అంకె రాయాలి. రెండూ చాలా రోజులు కలవవు. చెట్టు అడ్డు వల్లనా, గరాటు వంగినందుకా, వాన నిజంగానే ఆ ఊళ్లో తక్కువ పడిందా అన్నది ఒక ఏడాది కొలతలతో తేలదు. అందుకని ఎనిమిదో తరగతి దాటే పిల్లలు ఆ పుస్తకాన్ని, కొలతలు కలవని తేదీలకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, జూన్‌లో కొత్తగా ఎనిమిదిలోకి వచ్చేవారికి అప్పగించాలి.